భూమి వేడెక్కడం మనిషి పనేనా? నాలుగు డేటా ఫైళ్ల రివ్యూ

నమస్తే అండి. "భూమి వేడెక్కడం సహజమే, మనిషికి సంబంధం లేదు" అనే వాదన మీ ఫ్యామిలీ గ్రూపులో ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. దాని కింద ఎవరో ఒక గ్రాఫ్ పెడతారు, ఇంకొకరు దానికి ఎదురు గ్రాఫ్ పెడతారు. ఆ గ్రాఫులన్నీ ఎక్కణ్నుంచి పుడుతున్నాయో ఆ అసలు ఫైళ్లనే ఈరోజు రివ్యూ చేస్తున్నాం. మొత్తం నాలుగు. అన్నీ ఉచితమే. ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ ఉంటే చాలు, ఒక సాయంత్రంలో మీరే లెక్క తేల్చుకోవచ్చు.

ముందుగా మౌనా లోవా ఫైలు. హవాయిలో సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న అబ్జర్వేటరీలో, 1958 మార్చిలో చార్లెస్ కీలింగ్ మొదలుపెట్టిన కొలతలు ఇవి. గాలిలో పది లక్షల అణువులు తీసుకుంటే అందులో కార్బన్ డయాక్సైడ్ అణువులు ఎన్ని అన్నది లెక్క. దాన్నే పీపీఎం అంటారు. 1959 సగటు 316, 2024 సగటు 424.6.

దీని మీద వచ్చే మొదటి అభ్యంతరం, "అగ్నిపర్వతం మీద కూర్చుని గాలి కొలిస్తే పెరగక ఏమవుతుంది?" అని. అడగాల్సిన ప్రశ్నే. అగ్నిపర్వతం వైపు నుంచి గాలి వీచినప్పుడు రీడింగ్ ఒక్కసారిగా ఎగిరి, నిలకడ లేకుండా ఊగుతుంది. ఆ గంటలను లెక్కలోంచి తీసేస్తారు. అయినా అనుమానం తీరకపోతే దక్షిణ ధ్రువం ఫైలు తెరవండి. దగ్గర్లో ఊళ్లు లేవు, అడవులు లేవు, అయినా అదే పెరుగుదల కనిపిస్తుంది. 2022 నవంబరులో మౌనా లోవా నిజంగానే పేలింది. లావా రోడ్డునీ కరెంటు లైన్లనీ కప్పేసింది, కొలతలు ఆగాయి. అప్పుడు పక్కనున్న మౌనా కియా మీద పరికరం పెట్టి కొనసాగించారు. గీత మాత్రం ఎక్కడా విరగలేదు.

ఇప్పుడు అసలు లెక్క. ఒక పీపీఎం పెరిగిందంటే గాలిలో దాదాపు 780 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ చేరినట్టు. 1959 నుంచి 108 పీపీఎం పెరిగింది కాబట్టి, గుణిస్తే సుమారు 84 వేల కోట్ల టన్నులు. అదే కాలంలో బొగ్గు, పెట్రోలు, గ్యాసు, సిమెంటు, అడవుల నరికివేత, ఇవన్నీ కలిపి మనుషులు వదిలింది దానికి రెండింతల పైమాటే. అంటే మనం వదిలినదాంట్లో సగానికి పైగా సముద్రాలు, చెట్లు, నేల పీల్చుకుంటున్నాయి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ప్రకృతి మొత్తమ్మీద తీసుకుంటోంది, ఇవ్వడం లేదు. అలాంటప్పుడు "ఈ పెరుగుదల ప్రకృతిదే" అనే వాదన జమాఖర్చుల దగ్గరే నిలబడదు. అగ్నిపర్వతాలన్నీ కలిపి ఏడాదికి వదిలేది, మనుషులు వదిలే దాంట్లో నూరో వంతు కూడా దాదాపు ఉండదు.

ఇంకో గుర్తు కూడా ఉంది. కార్బన్‌-14 అనేది కార్బన్‌లో ఒక రకం, కాలంతోపాటు తరిగిపోతుంది; సగం అవడానికి 5,730 ఏళ్లు పడుతుంది. బొగ్గు, చమురు కోట్ల ఏళ్ల కిందటివి కాబట్టి వాటిలో అది మిగల్లేదు. మొక్కల నుంచి పుట్టినవి కాబట్టి కార్బన్‌-13 అనే ఇంకో రకం కూడా తక్కువ. వాటిని మండిస్తే గాలిలో ఈ రెండింటి వాటా తగ్గాలి. అణుబాంబు పరీక్షలు కార్బన్‌-14ను పెంచిన కొన్నేళ్లు మినహాయిస్తే, అలాగే తగ్గుతూ వచ్చింది. దాంతోపాటు ఆక్సిజన్ కూడా కొద్దికొద్దిగా తగ్గుతోంది, ఏదో మండుతోందని దానర్థం. సముద్రం నుంచి గ్యాసు ఊరికే బయటికొస్తే ఆక్సిజన్ ఇలా తగ్గక్కర్లేదు.

రెండోది నాసా వారి గిస్‌టెంప్, భూఉపరితల ఉష్ణోగ్రతల ఫైలు. సీఎస్‌వీ (షీట్‌లో తెరుచుకునే పట్టిక ఫైలు) దించుకోండి. మొదటి వరుస శీర్షిక, దాన్ని తీసేయాలి. ఏడాది సగటు "జే-డీ" అనే నిలువు వరుసలో ఉంటుంది. ఏడాది పూర్తికాకపోతే అక్కడ మూడు నక్షత్రం గుర్తులు కనిపిస్తాయి. షీట్ వాటిని అంకెగా కాక అక్షరాలుగా చదువుతుంది, గ్రాఫ్ చివర సున్నాకి పడిపోతుంది. "ఈ ఏడాది ఒక్కసారిగా చల్లబడింది" అనే గ్రాఫ్ ఎక్కడైనా కనిపిస్తే ముందు ఇది చూడండి. ఆ వరుస తీసేసి, 1979 నుంచి గీత వాలు చెప్పే స్లోప్ ఫంక్షన్ వేసి పదితో గుణిస్తే, పదేళ్లకు 0.2 డిగ్రీలకు దగ్గరగా వస్తుంది.

దీని మీద అభ్యంతరం, "స్టేషన్ల చుట్టూ నగరాలు పెరిగాయి, ఆ వేడే కొలుస్తున్నారు" అని. బేగంపేట విమానాశ్రయం దగ్గరి స్టేషన్‌నే తీసుకోండి, దాని చుట్టూ హైదరాబాద్ ఎంత పెరిగిందో మనకు తెలుసు. కాంక్రీటు రాత్రంతా వేడి వదులుతుంది, కనిష్ఠ ఉష్ణోగ్రత పెరుగుతుంది. అందులో అబద్ధం లేదు. ప్రపంచ సగటును అది ఎంత పెంచింది అన్నదే ప్రశ్న. దాన్ని పట్టుకున్నది రిచర్డ్ ముల్లర్ అనే భౌతిక శాస్త్రవేత్త. పాత లెక్కల మీద నమ్మకం లేక 2010లో బర్కిలీ ఎర్త్ మొదలుపెట్టారు. చమురు వ్యాపారి చార్లెస్ కోక్ పేరిట ఉన్న ఫౌండేషన్ కూడా లక్షన్నర డాలర్లు ఇచ్చింది. ముప్పై వేలకు పైగా స్టేషన్ల రికార్డులు తీసుకుని, పరికరం మారిన చోటా, స్టేషన్ కదిలిన చోటా రికార్డును కోసేసి రెండు స్టేషన్లుగా లెక్కేశారు. నగరాలకు దూరంగా ఉన్న స్టేషన్లను విడిగా చూశారు. తేడా లెక్కలోకి రానంత తక్కువ. 2012లో ముల్లర్ తన అభిప్రాయం మారిందనీ, కారణం దాదాపు పూర్తిగా మనుషులేననీ బహిరంగంగా రాశారు. వీటన్నిటికీ తోడు, భూమిలో 71 శాతం సముద్రం. నడిసంద్రంలో నగరాలు లేవు, అక్కడా వేడి పెరిగింది.

"పాత అంకెలు దిద్దారు కదా" అంటారా? దిద్దారు. ఒకప్పుడు ఓడల్లో బకెట్‌తో నీళ్లు తోడి కొలిచేవారు, పైకి లాగేలోపు నీళ్లు చల్లారేవి. అందుకని ఆ పాత రీడింగులను పైకి సవరించారు. పాతవి పెరిగితే మొత్తం పెరుగుదల తగ్గుతుంది. సవరణలన్నీ కలిపి చూస్తే శతాబ్దపు వేడిని తగ్గించాయే గానీ పెంచలేదు.

మూడో ఫైలు మాకు అన్నిటికంటే ఇష్టమైనది. అలబామా విశ్వవిద్యాలయం, హంట్స్‌విల్ నుంచి జాన్ క్రిస్టీ, రాయ్ స్పెన్సర్ ఇచ్చే ఉపగ్రహ డేటా, యూఏహెచ్. ఈ ఇద్దరూ వాతావరణ మార్పు భయాలను గట్టిగా ప్రశ్నించేవాళ్లు. కాబట్టి "వాళ్లకు కావలసినట్టు వండారు" అని ఇక్కడ అనడానికి వీల్లేదు. ఉపగ్రహం మీద థర్మామీటర్ ఉండదండి. గాలిలోని ఆక్సిజన్ వెదజల్లే మైక్రోవేవ్‌ల తీవ్రతను బట్టి ఉష్ణోగ్రత లెక్కగడతారు. మొదట్లో ఇందులో వేడి పెరుగుదల దాదాపు కనిపించలేదు, "చూశారా" అని అందరూ దీన్నే చూపించేవారు. 1998లో ఫ్రాంక్ వెంట్జ్ బృందం ఒక లోపం పట్టింది: ఉపగ్రహం ఏటేటా కాస్త కిందికి దిగుతుంటే, అది లేని చల్లదనాన్ని చూపిస్తోంది. 2005లో కార్ల్ మియర్స్, వెంట్జ్ ఇంకోటి పట్టారు. ఉపగ్రహం భూమధ్యరేఖ దాటే సమయం ఏటా కొంచెం జరుగుతుంది. మధ్యాహ్నం కొలవాల్సింది సాయంత్రం వైపు జరిగితే చల్లగానే ఉంటుంది కదా. ఆ సవరణలో కూడికకు బదులు తీసివేత పడింది. క్రిస్టీ, స్పెన్సర్ తప్పు ఒప్పుకుని సరిచేశారు. పదేళ్లకు 0.088 ఉన్నది 0.123 అయింది. ఇప్పుడు అదే ఫైలు 0.15 డిగ్రీలకు కాస్త అటూఇటూగా చూపిస్తోంది.

ఈ ఫైలు వాడేటప్పుడు అడుగున ట్రెండ్ అనే వరుస ఉంటుంది, తీసేయండి. లేకపోతే అదీ ఒక నెలగా లెక్కలో కలుస్తుంది. ఇంకో జాగ్రత్త, 1998 నుంచి మొదలుపెట్టి 2012 దగ్గర ఆపితే గీత దాదాపు అడ్డంగా పడుకుంటుంది. 1998 పెద్ద ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కే) ఏడాది, శిఖరం మీద నిలబడి కొలిస్తే ఎటు చూసినా పల్లమే. 1995 నుంచి వేసి చూడండి, గీత పైకి లేస్తుంది.

ఇదే సైట్‌లో దిగువ స్ట్రాటోస్ఫియర్ ఫైలు కూడా ఉంది, అంటే మనం ఉండే గాలి పొరకు పైనున్న పొర. కింద వేడి పెరుగుతుంటే పైన చల్లబడుతోంది. సూర్యుడే కారణమైతే పైనా కిందా రెండూ వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ అయితే కింద వేడి, పైన చలి అని శాస్త్రవేత్తలు మనాబె, వెథరాల్డ్ 1967లోనే లెక్కగట్టారు, ఉపగ్రహ కొలతలకు పదేళ్ల ముందే. మనాబెకు 2021లో భౌతిక శాస్త్ర నోబెల్ వచ్చింది. నిజాయితీగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది: దిగువ స్ట్రాటోస్ఫియర్ చల్లబడటంలో ఓజోన్ తరుగుదల వాటా పెద్దదే. 1982 ఎల్ చిచోన్, 1991 పినతుబో అగ్నిపర్వతాల పేలుళ్లప్పుడు గ్రాఫ్‌లో ఎత్తైన గుట్టలు కూడా కనిపిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ గుర్తు స్పష్టంగా ఉండేది ఇంకా పై పొరల్లో.

నాలుగోది సూర్యుడి ఫైలు, చిన్నది. సూర్యుడి నుంచి భూమికి చేరే శక్తి చదరపు మీటరుకు దాదాపు 1,361 వాట్లు, సూర్యుడి పదకొండేళ్ల హెచ్చుతగ్గుల చక్రంలో మొత్తం తేడా సుమారు ఒక వాటే. 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి, పెరుగుదల లేదు. 2014లో శిఖరానికి చేరిన చక్రం వందేళ్లలో బలహీనమైన వాటిలో ఒకటి. ఆ వెంటనే 2015, 2016 వేడిలో రికార్డులు కొట్టాయి.

మరి శాస్త్రవేత్తల మధ్య వాదన లేదా అంటే, ఉంది. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపు అయితే వేడి ఎంత పెరుగుతుంది? 1979లో చార్నీ నివేదిక 1.5 నుంచి 4.5 డిగ్రీలంది. 2021లో ఐక్యరాజ్య సమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ నివేదిక దాన్ని 2.5 నుంచి 4కి కుదించింది. మేఘాలు ఎలా మారతాయి, పొగమంచులోని సూక్ష్మ ధూళి ఎంత వేడిని దాచిపెడుతోంది అన్నవి ఇంకా తేలాలి. ఉత్తర భారతం మీద ఆ ధూళీ, పొలాలకు పారే నీళ్లూ కలిసి వేడిని కొంత అణచిపెట్టాయి. "ఇండియా అంతగా వేడెక్కలేదే" అనేవాళ్లకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది.

చివరగా, గ్రూపుల్లో అన్నిటికంటే ఎక్కువ గొడవలు తెచ్చే పొరపాటు. 2024 మామూలు కంటే ఎన్ని డిగ్రీలు వేడి అంటే, ప్రపంచ వాతావరణ సంస్థ 1.55 అంటుంది, నాసా 1.28 అంటుంది, మన వాతావరణ శాఖ ఐఎండీ ఇండియాకి 0.65 అంటుంది. "ఒక్కొక్కరూ ఒక్కో అంకె, అన్నీ దొంగ లెక్కలే" అనేస్తారు. మొదటిది 1850-1900 సగటు మీద, రెండోది 1951-1980 సగటు మీద, మూడోది 1991-2020 సగటు మీద, అదీ ఒక్క దేశానికి. రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టే ముందు, ఒక్కోదాంట్లో 1991 నుంచి 2020 వరకు సగటు కట్టి, ఆ అంకెను ఆ ఫైలులోని ప్రతి ఏడాది నుంచీ తీసేయండి. గీత మొత్తం పైకో కిందికో జరుగుతుందే గానీ దాని వాలు మారదు. ఆ తర్వాతే గ్రాఫ్ గీయండి.