పగలు తీర్పులు, రాత్రి మందలింపులు

శ్రోతలకు నమస్కారం.

పొద్దున లేచింది మొదలు ఏ ప్రార్థన చెయ్యాలి, ఏది తినొచ్చు, పెళ్లి, విడాకులు, అప్పు తగాదాలు ఎలా తేల్చాలి? ఆచారం పాటించే యూదులు వీటికి ఈనాటికీ తిరగేసే గ్రంథం 'షుల్హాన్ ఆరూఖ్'. రాసినవాడు రబ్బీ యోసెఫ్ కారో.

ఆయన 1488లో పుట్టాడు. నాలుగేళ్ల పసివాడిగా ఉండగానే, 1492లో, స్పెయిన్ రాజదంపతులు యూదులందర్నీ వెళ్లగొట్టారు. కట్టుబట్టలతో బయటపడ్డ ఆ కుటుంబం చివరికి తుర్కీ సుల్తానుల రాజ్యం చేరింది. అలా వచ్చినవాళ్లు ఒక్కో ఊరివాళ్లు ఒక్కో ఆచారం వెంట తెచ్చుకున్నారు. ఎవరి మాట చెల్లాలి? కారో ఇరవై ఏళ్లు కూర్చుని 'బేత్ యోసెఫ్' అనే పెద్ద గ్రంథం రాశాడు. పద్ధతి చూడండి: పూర్వపు మహాపండితులు ముగ్గురిలో ఏ ఇద్దరు ఒప్పుకుంటే దాదాపుగా అదే తీర్పు. దాని సారమే షుల్హాన్ ఆరూఖ్. 1565లో వెనిస్‌లో అచ్చయింది.

ఇంతవరకూ వింటే లెక్క తప్పని న్యాయమూర్తి కనిపిస్తాడు. నాకు మాత్రం ఆయన రాత్రులే ఆసక్తి.

కంఠస్థం చేసిన మిష్నా, అంటే యూదుల ప్రాచీన ధర్మసూత్రాల సంపుటి, వల్లిస్తుంటే, కారో నోటినుంచే ఇంకో గొంతు పలికేది. 'నేనే మిష్నాను' అనేది. ఆ మాటలన్నీ ఆయన రాసిపెట్టుకున్నాడు. లోకరహస్యాలు అందులో ఉన్నాయి. వాటికి తోడు, మాంసం ఎక్కువ తిన్నావు, ద్రాక్షసారా తాగావు, నిద్రకు లొంగిపోయావు అన్న చీవాట్లూ ఉన్నాయి. అంత పండితుడూ తలవంచుకుని విని, దాచకుండా రాసుకున్నాడు! యూదులు తమకు ధర్మశాస్త్రం దక్కిన రోజుగా జరుపుకునే షావూఓత్ పండుగ ఒకదాని రాత్రి జాగారం చేస్తున్న మిత్రులూ ఆ గొంతు విన్నారని కవి షెలోమో అల్కబెత్స్ ఉత్తరం రాశాడు. పవిత్రదేశానికి పొమ్మని అది చెప్పిందట. తర్వాత కారో గలిలయలోని సఫేద్‌లో స్థిరపడ్డాడు.

ఆ గొంతు ఇచ్చిన మాట ఒకటుంది. క్రైస్తవం వదిలి యూదు మతానికి తిరిగొచ్చిన షెలోమో మోల్ఖోను 1532లో, ఇటలీలోని మాంతువాలో, క్రైస్తవ మతవిచారణాధికారులు సజీవదహనం చేశారు. అలాంటి బలిదానమే కారో కోరుకున్నాడు; దక్కుతుందని గొంతు చెప్పింది. దక్కలేదు. 1575లో, ఎనభై ఏడేళ్ల పండు వయసులో, సఫేద్‌లోనే కన్నుమూశాడు.

గొంతు మాటలు రాసుకున్న ఆ రాతల్లో కొంతభాగం 'మగ్గీద్ మెషారీమ్' పేరుతో 1646లో లుబ్లిన్‌లో వెలువడింది. అంతటి ధర్మవేత్త ఇవి రాశాడంటే నమ్మని పండితులూ లేకపోలేదు. నాకైతే ఆ తిండి చీవాట్లు చదివాకే నమ్మకం కుదిరింది. దొంగరాత రాసేవాడైతే ఆయన్ని ఇంకా గొప్పగా చూపించేవాడు.