పులుపు వడ్డించే పాత్రకు ఏ మట్టి, ఏ పూత?

సభకు నమస్కారం. ఈ చేతిపాత్రల ప్రదర్శనను ప్రారంభించమని పిలిచిన నిర్వాహకులకు, మట్టి చేతులతోనే వచ్చి ముందు వరుసలో కూర్చున్న కళాకారులకు నా కృతజ్ఞతలు. పూతల రంగుల గురించి మాట్లాడమన్నారు గాని, రంగు కింద ఉన్న మట్టి సంగతి ముందు చెప్పుకోవాలి.

మన ఊళ్లలో కుండలు చేసే ఎర్రమట్టి 1000 డిగ్రీల సెల్సియస్ లోపే కాలుతుంది. ఆ వేడికి మట్టిరేణువులు అతుక్కుంటాయే గాని గాజుబారవు; మిగిలిన సన్నని రంధ్రాల గుండా నీరు చెమర్చి ఆవిరి కావడం వల్లనే కుండనీళ్లు చల్లబడతాయి. నీళ్లకుండకు ఆ గుణం కావాలి, పులుసు వడ్డించే గిన్నెకు పనికిరాదు, ఎందుకంటే నూనె, పసుపు లోపలికి ఇంకిపోతాయి. అందుకే 1200 నుంచి 1300 డిగ్రీల వేడిలో బిగిసే స్టోన్‌వేర్ మట్టిని ఎంచుకుంటారు. 1971లో డెబొరా స్మిత్, రే మీకర్ అనే మట్టిపాత్రల కళాకారులు పుదుచ్చేరిలో నెలకొల్పిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో ఈ పని నేర్చుకున్నవారు ఎందరో ఉన్నారు.

ఇక పూత, అంటే ఆవం వేడికి కరిగి పాత్రపై గాజుపొరగా నిలిచేది. పలుగురాయి పొడి గాజునిస్తుంది, చీనమట్టి అది కారిపోకుండా ఆపుతుంది, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం, సున్నం కరిగే వేడిని తగ్గిస్తాయి. పూతలో 1–2 శాతం ఇనుము ఉండి, ఆవంలో గాలి తగ్గిస్తే లేత ఆకుపచ్చ వస్తుంది. అదే ఇనుము 8–10 శాతమైతే నలుపు తిరిగిన గోధుమరంగు వస్తుంది. చల్లారేటప్పుడు పూత మట్టికంటే ఎక్కువ కుంచించుకుపోతే సన్నని పగుళ్లు పడతాయి, మరీ తక్కువైతే పెచ్చులూడుతుంది. ఒక మట్టిపై చక్కగా నిలిచిన పూత మరో మట్టిపై నిలవకపోవడానికి కారణం ఇదే.

ఇంకా రంగుల గురించే చెప్పవచ్చు గాని, మా మేనత్త గారి గిన్నె మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఒక దుకాణంలో కొన్న ఎర్రని గిన్నెలో ఆమె ఆవకాయ తీసి ఉంచితే, కొన్నాళ్లకు ఊరగాయ తగిలినంత మేరా మెరుపు చచ్చి, సున్నం రాసినట్టు తెల్లబోయింది. అడిగితే అది అలంకారానికే అన్నారు. ఆ మాట గిన్నె మీద ఎక్కడుంది? తక్కువ వేడిలో కరగడానికి సీసం, ఎరుపు కోసం కాడ్మియం వాడిన పూతలున్నాయి. రెండూ విషలోహాలే; సరిగా కుదరని పూతనుంచి పులుపు వాటిని బయటికి లాగుతుంది. చింతపండు, నిమ్మ, మామిడి లేని పూట మనకు ఏది? అమ్మలారా, అయ్యలారా, మన పళ్లెం తీరు ఇది!

పాత్రలు చేసే సోదరీ సోదరులారా, పాత్రను 4 శాతం ఎసిటిక్ ఆమ్లంలో, అంటే వెనిగర్‌లోని పులుపులో, 24 గంటలు ఉంచి, అందులోకి దిగిన సీసం, కాడ్మియం కొలిచే పరీక్ష ఉంది, చేయించండి. పాత్ర అడుగున ఏ మట్టి, ఎంత వేడి, తినడానికా అలంకారానికా అన్నది రాయండి. కొనేవారు ఈరోజు ప్రతి పాత్రనూ తిరగేసి చూడండి. అడుగున ఏమీ లేకపోతే, చేసినవారు ఇక్కడే ఉన్నారు, అడగండి.