'అదే' అన్న ఒక్క మాట

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలు మర్యాదగా వదిలేసి వెనక వరుసల్లో సర్దుకున్న మిత్రులకు నమస్కారం.

ఆహ్వానపత్రంలో 'మానవ మెదడు: పనితీరు, ప్రభావాలు' అని వేశారు. నలభై నిమిషాలిచ్చారు. జ్ఞాపకం, నిద్ర, వ్యాయామం, మద్యం అంటూ ఆరు భాగాలుగా రాసుకొచ్చాను. ఎంతవరకు వెళతానో చూద్దాం.

ముందు చిన్న సవరణ. నన్ను పరిచయం చేస్తూ అధ్యక్షులవారు, మనిషి తన మెదడులో పది శాతమే వాడుకుంటాడని సెలవిచ్చారు. నా మీద అభిమానంతో మాట్లాడుతున్న పెద్దమనిషికి మధ్యలో అడ్డుపడలేకపోయాను. కానీ ఆ మాట నిజం కాదు. మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు, ఒంటి బరువులో రెండు శాతం. మనం ఊరికే కూర్చున్నా సరే, ఒళ్లు ఖర్చు చేసే శక్తిలో ఐదోవంతు అదే తినేస్తుంది. తొంభై శాతం పనిలేకుండా పడి ఉండేదాన్ని ఏ ఒళ్లూ ఇంత ఖర్చుతో పోషించదు. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఎక్కడ చిన్న ముక్క దెబ్బతిన్నా, దానికి తగ్గ పని ఏదో ఒకటి కుంటుపడుతుంది. ఇది నాకు పుస్తకంలో కన్నా మా ఇంట్లో బాగా తెలిసింది.

నేను 31 ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. కళ్లు మూసుకుని బోర్డు మీద మెదడు బొమ్మ గీసేవాణ్ణి. ఎడమ అర్ధగోళం కుడి చేతిని నడుపుతుంది, నరాల దారులు మెదడు అడుగున ఉండే మజ్జాముఖం దగ్గర అటువి ఇటు, ఇటువి అటు మారతాయి అని ఎంతమంది పిల్లల చేత వల్లె వేయించానో లెక్కలేదు. ఒక సాయంత్రం ఆరున్నరకు మా అక్క చేతిలోంచి పుస్తకం జారిపడింది. తీసి ఇచ్చాను. మళ్లీ జారింది. అది కుడి చెయ్యి. "ఏమైందక్కా?" అంటే ఏదో చెప్పబోయి, "అదే... అదే" అని ఆగిపోయింది. మూతి కాస్త ఒక పక్కకు లాగినట్టుంది. ఈ జీవశాస్త్ర పంతులు అప్పుడేమన్నాడో తెలుసా? "రాత్రి సరిగ్గా నిద్రపోలేదేమో, కాసేపు పడుకో" అన్నాడు. దుప్పటి కూడా కప్పాడు.

తెల్లారేదాకా పడుకుంది.

మెదడుకు తనదంటూ నిల్వ దాదాపు లేదు. రక్తం తెచ్చే ప్రాణవాయువు, గ్లూకోజు ఎప్పటికప్పుడు అందాలి. అక్కకు ఎడమ పక్క రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన పక్షవాతంలో, చికిత్స అందని ఒక్కో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని జెఫ్రీ సేవర్ అనే నాడీ వైద్యుడు 2006లో లెక్కగట్టాడు. దుప్పటి మడత విప్పి కప్పడానికి నాకు ఎంతసేపు పట్టి ఉంటుంది? ఒక నిమిషం అనుకుందాం. ఆ లెక్క వెయ్యకుండా ఇప్పటికీ ఏ దుప్పటీ విప్పలేను.

ఆసుపత్రిలో వైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న, "చివరిసారి ఈవిడ మామూలుగా ఎప్పుడున్నారు?" అని. లేచిన వేళ కాదు, మేం చూసిన వేళ కాదు, చివరిసారి మామూలుగా ఉన్న వేళ. గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. సన్నటి గొట్టం పంపి గడ్డను బయటికి లాగే పద్ధతి కొందరికి 24 గంటల దాకా పనికొస్తుంది గాని, అది స్కాను చూసి ఎంచుకున్న వారికే. నేను "సాయంత్రం ఆరున్నరకు" అన్నాను. ఆవిడ గోడ గడియారం వైపు చూసి, ఇంకేమీ అడగలేదు.

అయ్యా, ఒక్క నిమిషం అందరూ లేవండి. సిగ్గుపడకండి, అధ్యక్షులవారు కూడా. రెండు చేతులూ ముందుకు చాపి కళ్లు మూసుకోండి. ఒక చెయ్యి దానంతటదే కిందికి వాలుతోందా? ఇప్పుడు పక్కవారిని చూసి నవ్వండి. మూతి రెండు వైపులా సమంగా సాగిందా? ఏదైనా ఒక పూర్తి వాక్యం చెప్పండి. తడబడిందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా తేడాగా ఉన్నా అంబులెన్సును పిలవండి, గడియారం చూసి వేళ రాసుకోండి. కాసేపటికి సర్దుకుంది కదా అని ఆగకండి, అది రాబోయే పెద్దదానికి కబురు కావచ్చు. నోట్లో నీళ్లు పొయ్యకండి, మింగే శక్తి దెబ్బతిని ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ వెయ్యకండి, కొన్ని పక్షవాతాలు గడ్డ వల్ల కాక రక్తనాళం చిట్లడం వల్ల వస్తాయి, ఏదన్నది స్కాను చూస్తే గాని తేలదు. పడుకోమని అనకండి. ఇది మళ్లీ చెబుతున్నాను. పడుకోమని అనకండి. కూర్చోండి.

జ్ఞాపకం గురించి చెప్పాలి... లేదు, ముందు పారిస్ వెళదాం. 1861లో అక్కడి బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఉండేవాడు. ఏమడిగినా "టాన్ టాన్" అనేవాడు, అందుకని ఆయన పేరే టాన్ అయిపోయింది. పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడు, ఇక్కడికి వచ్చి ఎన్నేళ్లయిందని అడిగాడు. లెబోర్న్ అయిదు వేళ్లూ విప్పి నాలుగుసార్లు చూపించి, చివర మరో వేలు చూపించాడు. 21 ఏళ్లు. సరిగ్గా అంతే. మర్నాడు అదే ప్రశ్న, అదే జవాబు. మూడోసారి అడిగేసరికి తనను పరీక్షిస్తున్నారని గ్రహించి కోపంతో తిట్టాడు. ఆ తిట్టు మాత్రం స్పష్టంగా వచ్చింది! కొద్ది రోజులకు ఆయన చనిపోయాక బ్రోకా మెదడు తీసి చూస్తే, ఎడమ వైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. మెదడులో మాటకు చోటు ఎక్కడో తొలిసారి గట్టిగా చూపించింది ఆ రోగే. పాఠ్యపుస్తకాల్లో బ్రోకా పేరు నిలిచింది. నాకు మాత్రం ఆ 21 వేళ్లే గుర్తుంటాయి.

మా అక్కకు మిగిలిన మాట "అదే". ఆకలేస్తే అదే, కోపమొస్తే అదే, నేను పాత సంగతి ఏదైనా తప్పుగా చెబితే తల అడ్డంగా ఊపి అదే. దీన్ని అఫేసియా అంటారు. అక్కకు విన్నది అర్థమవుతుంది, ఏం చెప్పాలో తెలుసు, మాట నోటిదాకా రాదు. ఏడు అనమంటే అనలేదు, ఒకటి నుంచి మొదలుపెడితే పది దాకా గడగడా వెళుతుంది. మంచినీళ్లు అడగలేదు గాని చిన్నప్పటి జోలపాట చరణం పూర్తిగా పాడుతుంది. అలవాటుగా వచ్చే మాటలకు, పాటకు కుడి అర్ధగోళం కొంత ఆసరా ఇస్తుందంటారు. 1973 నుంచే పాట వరసతో మాట నేర్పే చికిత్స ఉంది. అక్కకూ అదే చేయించాం. ఏడాదికి "అదే" పక్కన మరో నలభై మాటలు చేరాయి.

ఇక నా అసలు బాధ. ఒక కార్యాలయంలో సంతకం పని పడింది. ఎడమ చేత్తో పెట్టడం నేర్చుకుని, వారం రోజులు సాధన చేసి వచ్చింది అక్క. అక్కడి ఉద్యోగి ఆవిడ వైపు చూడకుండా, "ఈవిడకు తెలివి ఉందా?" అని నన్నడిగాడు. ఎదురుగా కూర్చుని ఉంది! తర్వాత వంగి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు "పేరేమిటమ్మా?" అని అరిచాడు. జీవితంలో ఎవరినీ ఒక్క మాట అనని మనిషి, ఎడమ చేత్తో బల్ల మీద కొట్టి, ఈ సభలో చెప్పలేని ఒక తిట్టు అక్షరం పొల్లుపోకుండా అంది. ఆయన నోరు తెరుచుకుంది. నేను అక్కడే లెబోర్న్ కథ మొదలుపెట్టబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆయన ఒక్కడేనా? చూడ్డానికి వచ్చిన బంధువులందరూ అంతే. ఆవిడ ముందే ఆవిడ సంగతులు నాతో మాట్లాడేవారు. ఒక వాక్యం మొదలుపెడితే పూర్తి చెయ్యనిచ్చేవారు కాదు, అందించేవారు. నేనూ అందించాను, దాచడం ఎందుకు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. అయిదు నిమిషాలట. నిద్ర, వ్యాయామం కాగితాలు ఇలాగే మడిచి పెడుతున్నాను. మద్యం గురించి మీకు తెలిసిందే చెప్పబోయాను. రక్తపోటు ఒక్కటి వదలను. పక్షవాతానికి, మనం అదుపు చేయగల కారణాల్లో అన్నిటికన్నా పెద్దది అదే. అది నొప్పి పెట్టదు, కనిపించదు. అక్క నాలుగు నెలల ముందు మాత్రలు మానేసింది. "ఒంట్లో బాగానే ఉంది కదా" అంది. నేను "నీ ఇష్టం" అన్నాను.

ఇప్పుడు ప్రశ్నలు. మాట నెమ్మదిగా వచ్చేవారు ఎవరైనా ఉంటే ముందు వారే అడగండి. బాబూ, మైకు వారికి ఇచ్చి పక్కకు నిలబడు. మధ్యలో ఎవరూ మాట అందించకండి. అయిదు నిమిషాలూ వారికే.