కాటా అంకెలు ఎవరి వైపు? పనిచోట మార్పు గురించి నాలుగు మాటలు

[తెరపై: ఐసు నీళ్లలో రొయ్యలు, తలలు తీస్తున్న చేతులు]

నమస్కారమండీ. నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గర రొయ్య తల తీసి, పొట్టు ఒలిచే ఆడవాళ్లకు కిలోల లెక్కన కూలి. తూకం వేసిన ట్రేకొక టోకెన్. వాటిని కొంగున ముడేసుకుని, సాయంత్రం లెక్క చూసుకుని ఇంటికి పోయేవాళ్లు.

ఒక సోమవారం పొద్దున ఆ టోకెన్లు తీసేసి కంప్యూటర్ కాటా పెట్టాం. తలా ఒక కార్డు ఇచ్చాం. ఇక తప్పులుండవు, గొడవలుండవు అనుకున్నాం. మూడో రోజుకి సగం టేబుళ్లు ఖాళీ. ఆఫీసులో అందరిదీ ఒకటే మాట: "వీళ్లకు కొత్తది ఏది పెట్టినా గిట్టదు."

[తెరపై: కుట్టు మిషన్ల వరస]

ఈ మాట ఎప్పటినుంచో ఉన్నదే. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని మారియన్ అనే ఊళ్లో హార్వుడ్ వాళ్ల పైజమాల ఫ్యాక్టరీ ఉండేది. పని మార్చినప్పుడల్లా కూలి నష్టపోకుండా బోనస్ ఇచ్చినా జనం విసిగి మానేసేవాళ్లు. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు అక్కడ ఒక ప్రయోగం చేసి, 1948లో ఫలితాలు అచ్చువేశారు. ఒక జట్టుకు మార్పు గురించి కబురు మాత్రం చెప్పారు. ఇంకో జట్టు తరఫున ప్రతినిధులు కూర్చున్నారు. మరో రెండు జట్లలో అందరూ కూర్చుని కొత్త పని ఎలా చేయాలో మాట్లాడుకున్నారు. కబురు విన్న జట్టులో 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు. అందరూ కూర్చున్న జట్లలో ఒక్కరూ మానలేదు, పని పాతదానికంటే సుమారు 14 శాతం పెరిగింది.

నాకు బాగా నచ్చింది దీని తర్వాత జరిగింది. మొదటి జట్టులో మిగిలిన 13 మందిని రెండున్నర నెలల తర్వాత ఇంకో పనికి మార్చారు, ఈసారి వాళ్లతో కూర్చుని. వాళ్లూ త్వరగానే అందుకున్నారు, ఎవరూ మానలేదు. మనుషులు వాళ్లే కదా!

[తెరపై: ప్లాంటు క్యాంటీన్ బల్ల]

మేమూ కూర్చుందాం అన్నాను. చదువురాని వాళ్లు ఏం చెబుతారని ఒకాయన అన్నాడు. ఆ మాట మన జిల్లాలో అనకూడదండీ. దూబగుంటలో రాత్రిపూట అక్షరాలు దిద్దుకుంటూ మాట్లాడుకున్న ఆడవాళ్లతో మొదలైన పోరు, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్లింది.

ఆరుగురు వచ్చారు. వాళ్లను మేం పిలవలేదు, టేబుళ్ల దగ్గర వాళ్లే ఎంచుకున్నారు. ఒక పెద్దావిడ అడిగింది: "కార్డులో ఎంత ఎక్కిందో మీకు తెలస్తది. మా లెక్క మాకు కనపడొద్దా అబ్బయా?"

పోయి చూస్తే కాటా అంకెలు తూకం వేసే మనిషి వైపే ఉన్నాయి. ట్రే పెట్టే మనిషికి కాటా వీపు కనిపిస్తుంది. టోకెన్ ఉన్నన్నాళ్లూ లెక్క ఆమె కొంగున ఉండేది, మేం దాన్ని లాగేసుకున్నాం. ఇంకొకామె నీళ్ల సంగతి ఎత్తింది: ట్రే ఎంతసేపు వడకట్టి తూకం వేస్తారు, అందరికీ ఒకటే టైమా? ఆ ప్రశ్న మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఇటువైపు ఇంకో తెర పెట్టాం. తూకానికి ఒక చీటీ వచ్చేలా చేశాం. వడకట్టే టైము గోడమీద రాశాం. ముందు ఒక్క టేబుల్ దగ్గర వారం నడిపి, తర్వాత మిగతావి మార్చాం.

ఒక్కటి మాత్రం చెప్పాలి. గ్లౌజులు, తలటోపీ, చేతులు ముంచే క్లోరిన్ నీళ్లు... ఇవి మారవు, సరుకు విదేశాలకు పోతుంది. అలాంటివి మారవని ముందే చెప్పేయాలి. నిర్ణయం అయిపోయాక అభిప్రాయం అడిగితే మనుషులకు తెలిసిపోతుంది, ఇంకోసారి నోరు విప్పరు.

[తెరపై: తెల్లవారుజామున ఆగిన కంపెనీ బస్సు]

వచ్చే నెల బస్సు టైములు మార్చాలి. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు వైపు నుంచి వచ్చేవాళ్లతో శుక్రవారం క్యాంటీన్‌లో కూర్చుంటున్నాం. కాగితం మీద ఇంకా ఏమీ రాయలేదు.