గడువు దాటిపోయిన కేసుని మళ్ళీ తెరవొచ్చా? స్టాగ్నర్ తీర్పు రివ్యూ

హాయ్ అండి, అందరికీ నమస్తే. ఈరోజు ఒక కోర్టు తీర్పు రివ్యూ చేద్దాం, స్టాగ్నర్ వర్సెస్ కాలిఫోర్నియా, అమెరికా సుప్రీంకోర్టు 2003 జూన్ 26న ఇచ్చింది. చదివాక రెండ్రోజులు నాకు మనసు మనసులో లేదు, అందుకే చేస్తున్నా.

కథేంటంటే, స్టాగ్నర్ అనే అతను 1955 నుంచి 1973 మధ్య చిన్నపిల్లల మీద లైంగిక నేరాలు చేశాడని ఆరోపణ. అప్పట్లో కాలిఫోర్నియాలో ఇలాంటి కేసు పెట్టడానికి గడువు మూడేళ్లే! పదేళ్ల పిల్ల మూడేళ్లలో స్టేషన్‌కి వెళ్లి చెప్పగలదా అండి, అదీ చేసినవాడు ఇంట్లోవాడైతే? 1993లో ఆ రాష్ట్రం చట్టం మార్చింది, పాత గడువు అయిపోయినా పర్లేదు, బాధితులు పోలీసులకి చెప్పిన ఏడాదిలోపు కేసు వేయొచ్చు, కాకపోతే వాళ్ల మాటకి తోడు వేరే సాక్ష్యం ఉండాలి అని. దాని కిందే 1998లో ఈ కేసు పెట్టారు.

సుప్రీంకోర్టు 5-4తో కొట్టేసింది. జస్టిస్ బ్రేయర్ రాసిందేంటంటే, గడువు ఇంకా నడుస్తుంటే పొడిగించుకోవచ్చు, దాన్ని మేం కాదనట్లేదు, కానీ ఒకసారి అయిపోయాక ప్రభుత్వం ఆ మనిషికి ఇక నీ జోలికి రామని మాటిచ్చినట్టే, ఆ ధీమాతో తనవైపు సాక్ష్యాలు కూడా జాగ్రత్త చేసుకోడు, తర్వాత మాట మార్చడం రాజ్యాంగం ఒప్పుకోదు అని. జస్టిస్ కెన్నెడీ ఒప్పుకోలేదు. ఆ పని చేసినరోజు కూడా నేరమే కదా, కొత్త చట్టం దాన్ని కొత్తగా నేరం చేసిందేం లేదు, పైగా నమ్మినవాళ్ల చేతిలో నలిగిన పిల్లలకి నోరు పెగలడానికే ఏళ్లు పడుతుంది అన్నారు. ఆ పేజీలు చదువుతుంటే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టైంది.

అయినా నా ఓటు బ్రేయర్‌కే. ఇవాళ మనకి అసహ్యం పుట్టించే నేరానికి ఈ తలుపు తీస్తే, రేపు ఏ ప్రభుత్వమైనా తనకి గిట్టని వాళ్ల మీద అదే వాడుతుంది. మన రాజ్యాంగంలో ఆర్టికల్ 20(1) ఉంది కదా, చేసిన రోజు ఉన్న చట్టం ప్రకారమే శిక్ష అని, ఆ భయంతోనే పెట్టుకున్నాం. ఇంకోటి, మన దగ్గర రేప్ లాంటి పెద్ద నేరాలకి కేసు పెట్టడానికి గడువే లేదు, అక్కడి గొడవంతా ఆ మూడేళ్ల దగ్గరే వచ్చింది.

మరి బాధితుల సంగతేంటి? ఈ తీర్పు జైలుశిక్ష వరకే, నష్టపరిహారం దావాలకి వర్తించదు. న్యూయార్క్ 2019లో చైల్డ్ విక్టిమ్స్ యాక్ట్ తెచ్చి, గడువు దాటినవాళ్లు కూడా దావా వేసుకోడానికి ఒక విండో తెరిచింది, 2021 ఆగస్టు దాకా పొడిగించారు, 10,000కు పైగా దావాలు పడ్డాయి, చర్చిల మీద, స్కూళ్ల మీద, స్కౌట్స్ మీద. మేరీల్యాండ్ 2023లో గడువే ఎత్తేసింది, అక్కడి సుప్రీంకోర్టు 2025లో సరేనంది. నిందితుడు చనిపోయినా, తెలిసీ దాచిపెట్టిన సంస్థ కోర్టుకి రావాల్సిందే, ఆ పాత ఫైళ్లు బయటపెట్టాల్సిందే, నాకైతే అదే అన్నిటికంటే పెద్ద విషయం.

తీర్పు చదివేవాళ్లు బ్రేయర్ దగ్గరే ఆగకండి, కెన్నెడీది కూడా చదవండి, ఆయనది చివర్లో ఉంటుంది.