గల్లా బోర్లించే యాళ్ల

నమస్తే అందరికి. ఈ వీడియో మా దుకాణం ముందట కూసోనే తీస్తున్న. ఎనుక ఆటోల సప్పుడు వస్తది, ఏమనుకోకుండ్రి.

సాయంత్రమైతే మీ ఇండ్లల్ల బాపు డ్యూటీ దిగి వస్తడు, చాయ్ తాగుతరు, టీవీ వెడుతరు. మాది వరంగల్ కాశిబుగ్గల కిరాణం దుకాణం. ఊరంత ఇంటికి మర్రే యాళ్లకు మా ఇల్లంత దుకాణంల ఉంటది. బడి నుంచి రాంగనే మేం పొట్లాలు కట్టాలె. నా హోంవర్కు మొత్తం చక్కెర బస్తా మీదనే అయింది.

పక్కన్నే ఎనుమాముల మార్కెట్ యార్డు. సంక్రాంతి దాటితే ములుగు, నర్సంపేట, పరకాల దిక్కు నుంచి మిర్చి బస్తాలు దిగుతయి. పొద్దుగాల జెండా పాట, అంటే రేటు పాడే వేలం, తర్వాత కాంటాలు, ఆ తర్వాత పైసలు. చేతుల పైసలు వడేసరికి పొద్దుగూకుతది. గప్పుడు మొదలైతది మా గిరాకి. హమాలోళ్ల అంగీలకు మిర్చి ఘాటు పట్టుకోని ఉంటది, వాళ్లు లోపటికి అడుగు వెట్టంగనే బాపు తుమ్ముతడు. తుమ్మితే అపశకునం అంటరు కద, గా లెక్కన మేం ఎండకాలం దాక దుకాణమే తెరవొద్దు.

మా దిక్కు పండే చపాట మిర్చికి 2025ల జీఐ గుర్తింపు, అంటే ఈ పంట ఈ జాగదే అనే ముద్ర, వచ్చిందని పేపర్ల చదివి చెప్పిన. "మంచిదే బిడ్డా, మరి రేటో?" అన్నడు బాపు. యార్డుల రేటు పడ్డదంటే ఆ రాత్రే మా ఉద్దెర బుక్కుల పేజీలు నిండుతయి మరి.

అమ్మది ఇంకో లెక్క. దీపం వెట్టినంక అర్ధగంట ఉద్దెర ఇయ్యది. ఉప్పు ఐతే పైసలిచ్చినా ఇయ్యది. ఎరుకున్నోళ్లు దీపం కంటె ముందుగాలనే వచ్చి "అక్కా, రాసుకో" అంటరు.

నాకు కష్టమనిపించేది బతుకమ్మ పండుగప్పుడు. ఎంగిలిపూల నాడు హన్మకొండ వేయిస్తంభాల గుడి కాడ ఇసుకేస్తే రాలనంత జనం. మా అమ్మ దుకాణంల. సద్దుల నాడు ఇంకా ఘోరం, నువ్వులు, పల్లీలు, బెల్లం, ఒక్కరు పోతే నలుగురు వస్తరు. పొద్దటి పూటనే పేర్చి, నీళ్లు చల్లి వెట్టిన బతుకమ్మను రాత్రి తొమ్మిదింటికి ఎత్తుకోని ఉరుకుతది. వాడకట్టోళ్లు అప్పటికే సగం పాటలు పాడి ఉంటరు. మా అమ్మ మొదటి పాటకు చప్పట్లు కొట్టంగ నేను ఇంతవరకు సూడలే.

పదింటికి షెట్టర్ సగం దించి, బాపు గల్లా చాప మీద బోర్లిస్తడు. నోట్లు బాపువి, చిల్లర నాది, తమ్మునిది. గా లెక్క నడిమిట్లనే మా ఇంటి ముచ్చట్లన్నీ అయ్యేటియి. అక్క సంబంధం గురించి నేను మొదలు విన్నది రూపాయి బిళ్లలు పేరుస్తనే. 2016 నవంబర్ 8 రాత్రి ఎనిమిదింటికి పెద్ద నోట్ల రద్దు చెప్పిండ్రు కద, షెట్టర్ దించేదాక ఇరవై రూపాయల చాయ్‌పత్తికి అయిదు వందల నోటు పట్టుకోని వచ్చిండ్రు. ఆ రాత్రి నిండిన గల్లా చుట్టు కూసోని ఎవ్వరం మాట్లాడలే.

ఇప్పుడు గల్లాల మందం తగ్గింది. ఫోన్ తోటి స్కాన్ చేస్తరు, పైసలు వడ్డయని డబ్బా అరుస్తది, మొత్తమెంతో తమ్ముని ఫోన్ల కనవడుతది. అబద్ధమెందుకు, యాభై తక్కువ వస్తే ఎవరు తీసిండ్రని పన్నెండింటి దాక నడిచే పంచాది పోయింది, నాకు సుఖమే. కని చాప మీద నలుగురం కూసునుడు కూడ దాంతోటే పోయింది.

మొన్న షెట్టర్ పూర్తిగ దించినంక లోపట డబ్బా అరిసింది: రెండు వందల నలభై రూపాయలు. బయట చూస్తే ఎవ్వరు లేరు. షెట్టర్ మీది స్టిక్కర్ స్కాన్ చేసి పోయిండ్రు. ఫోన్ల ఏదో పేరుంది, గా పేరు మాకు తెల్వది. మా బుక్కుల పేర్లేమో "రెండో గేటు పొడుగాయన", "పరకాల బస్సు పెద్దమ్మ". బాపు అద్దాలు వెట్టుకోని బుక్కు తీసిండు. "నూటా ఎనభై కాదు, చూడు మంచిగ" అన్నది అమ్మ. తమ్ముడు టార్చి వట్టిండు. అన్నం చల్లారింది కని, ఆ బాకీ ఎవరిదో దొరికేసరికి పదకొండున్నర అయింది. పొడుగాయనదే.