ఆరేళ్లు వెంటాడిన బాణీ

నమస్కారం. 1838 వేసవిలో జర్మన్ స్వరకర్త ఫెలిక్స్ మెండెల్సన్ తన మిత్రుడు, వయొలిన్ విద్వాంసుడు ఫెర్డినాండ్ డేవిడ్‌కి ఓ ఉత్తరం రాశాడు. వచ్చే చలికాలానికి నీకో వయొలిన్ కన్సర్టో రాసివ్వాలనుంది, ఇ మైనర్‌లో ఒకటి బుర్రలో తిరుగుతోంది, దాని ఎత్తుగడ నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు అని అందులో సంగతి. కన్సర్టో అంటే ఆర్కెస్ట్రా తోడుగా ఒక వాద్యం ముందుండి వాయించే పెద్ద రచన. ఇ మైనర్ అనేది దాని స్కేలు.

ఆ "వచ్చే చలికాలం" రావడానికి ఆరేళ్లు పట్టింది.

వీళ్లిద్దరూ హాంబర్గ్‌లో ఒకే ఇంట్లో పుట్టారు, ఏడాది తేడాతో! పెద్దయ్యాక లైప్‌జిగ్‌లో కలిసి పనిచేశారు. అక్కడి గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రాని మెండెల్సన్ నడిపేవాడు. 1836 నుంచి అందులో మొదటి వయొలిన్ డేవిడ్‌ది. మెండెల్సన్ రాతప్రతి 1844 సెప్టెంబర్ 16న ముగించాడు. ఆ తర్వాత కూడా ఊరుకోలేదు. ఈ ముక్క చేతికి అందుతుందా, ఇక్కడ మార్చనా అంటూ డేవిడ్‌ని అడుగుతూనే ఉన్నాడు. అప్పటికే అంత పేరున్న మనిషి వాయించేవాడి మాటకి అంత విలువ ఇవ్వడం నాకు చాలా నచ్చుతుంది.

1845 మార్చి 13న లైప్‌జిగ్‌లో తొలి ప్రదర్శన. వాయించింది డేవిడే. ఒంట్లో బాగోక మెండెల్సన్ రాలేకపోయాడు, డెన్మార్క్ స్వరకర్త నీల్స్ గాడె ఆర్కెస్ట్రాని నడిపించాడు. మరో రెండేళ్లకే, 1847 నవంబర్‌లో, 38 ఏళ్ల వయసులో మెండెల్సన్ కన్నుమూశాడు.

ఇప్పుడు ఆ నిద్ర పట్టనివ్వని ఎత్తుగడ సంగతి. అప్పట్లో కన్సర్టో అంటే ముందు ఆర్కెస్ట్రా చాలాసేపు వాయించేది, వయొలిన్ విద్వాంసుడు తన వంతు కోసం నిలబడి ఉండేవాడు. ఇక్కడ అలా కాదు. ఆర్కెస్ట్రా అలా మొదలవుతుందో లేదో, రెండో కొలతలోనే, అంటే క్షణాల్లోనే, వయొలిన్ పాట అందుకుంటుంది.

ఇంకా అందమైనది కాడెంజా. అంటే మిగతావాళ్లంతా ఆగిపోయి వయొలిన్ ఒక్కటే పలికే చోటు. మామూలుగా అది చివర్లో వచ్చేది, చాలాసార్లు వాయించేవాడి ఇష్టానికి వదిలేసేవారు. మెండెల్సన్ దాన్ని స్వరం స్వరం రాసిపెట్టి, నడిమికి తెచ్చాడు. దాని చివర్లో నాలుగు తీగల మీదా కమాను బంతిలా ఎగిరెగిరి పడుతుంటుంది. అది ఆగకముందే, మెల్లగా ఆర్కెస్ట్రా మొదటి పాటని మళ్లీ ఎత్తుకుంటుంది. అంతవరకూ రాజులా వెలిగిన వయొలిన్ ఆ క్షణంలో పక్కవాద్యం అయిపోతుంది.

ఆ నిమిషమే ఇప్పుడు వినిపిస్తున్నాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. కమాను గెంతులాట కింద ఫ్లూట్ ఎప్పుడు చేరిందో పట్టుకోండి.